విజేతల పుస్తకాలకు ముందుమాట కావాలి

సంపాదక మహాశయా,

షేర్ మార్కెట్‌లో రాణించినవారి కథలు చదివి యువత ట్రేడింగ్‌కు దిగుతున్న ఈ రోజుల్లో, అందరూ సిఫారసు చేసే ‘రెమినిసెన్సెస్ ఆఫ్ ఎ స్టాక్ ఆపరేటర్’ గురించి ఒక మాట మనవి చేయదలచాను. అమెరికన్ షేర్ ట్రేడర్ జెస్సీ లివర్‌మోర్ జీవితం ఆధారంగా ఎడ్విన్ లెఫెవ్ర్ రాసిన ఆ పుస్తకం 1923లో వెలువడింది. ఓపిక గురించి, నష్టాన్ని వెంటనే వదిలించుకోవడం గురించి అంత చక్కగా చెప్పిన రచనలు అరుదు. నాకది ఎంతో ఇష్టం. అయితే 1929 షేర్ మార్కెట్ పతనంలో అపారంగా ఆర్జించిన లివర్‌మోర్ 1934లో దివాలా తీసి, 1940లో ఆత్మహత్య చేసుకున్నాడన్న సంగతి అంతకుముందే అచ్చయిన ఆ పుస్తకంలో ఉండే అవకాశమే లేదు. మన దేశంలో 2021-22 నుంచి 2023-24 వరకు షేర్ల రాబోయే ధరలపై ముందుగా కుదుర్చుకునే ఒప్పందాలైన ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో పాల్గొన్న వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనం తేల్చింది. ఇటువంటి పుస్తకాలను తెలుగులోకి తెచ్చే ప్రచురణకర్తలు ఈ రెండు వివరాలనూ ముందుమాటలో తప్పక చేర్చాలని నా విన్నపం.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ