ఆ నవ్వు గురించి కూడా అడగమనండి

ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారం.

పక్షవాతం నుంచి కోలుకుంటున్న మా నాన్నగారిని పరీక్షకు తీసుకెళ్లిన ప్రతిసారీ చెయ్యి లేస్తోందా, మాట తేలిందా, మింగుడు పడుతోందా అని అడిగారు. "కారణం లేకుండా నవ్వు గానీ ఏడుపు గానీ ముంచుకొస్తోందా?" అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నను రోగి పరీక్షాపత్రంలో చేర్చమని కోరడానికే ఈ లేఖ.

పక్కింటివారు తమ అబ్బాయికి ప్రమాదం జరిగిందని చెబుతుంటే నాన్నగారికి నవ్వు వచ్చింది. పెదవి ఒక పక్కకు లాగింది, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి, ఊపిరి అందలేదు. తువ్వాలు నోటికి అదుముకున్నారు. కళ్లలో నవ్వు లేదు, బెదురు ఉంది. వచ్చినవారు చివాలున లేచి వెళ్లిపోయారు. మతి చలించిందన్నారు కొందరు, పొగరన్నారు ఇంకొందరు. మంచంలో ఉన్న మనిషికి పొగరేమిటో నాకు అర్థం కాలేదు. ఆయన నలుగురిలోకి రావడం మానేశారు.

దీన్ని వైద్యులు సూడోబల్బార్ అఫెక్ట్ అంటారు. నవ్వును, ఏడుపును అదుపులో ఉంచే మెదడు మార్గాలు దెబ్బతింటే, లోపల సంతోషం లేకపోయినా ముఖం, గొంతు నవ్వేస్తాయి. ఏఎల్‌ఎస్, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ వంటి నరాల జబ్బుల్లోనూ, తలకు తగిలిన గాయాల్లోనూ ఇది కనిపిస్తుంది. నరాల వైద్యుడు కినియర్ విల్సన్ 1924లోనే దీని గురించి వివరంగా రాశారు. గుర్తించడానికి రోగి స్వయంగా నింపే ఏడు ప్రశ్నల పట్టిక ఉంది. కుంగుబాటుకు వాడే కొన్ని మందులు తక్కువ మోతాదులోనే ఉపశమనం ఇస్తాయి. దగ్గు మందుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌ను గుండె లయ తప్పినప్పుడు వాడే క్వినిడిన్‌తో కలిపిన మందును 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రత్యేకించి దీనికే అనుమతించింది. మందు ఉండి కూడా, అడిగేవారు లేక ఆయన అన్నాళ్లు తలుపు వేసుకుని కూర్చున్నారు.

పిల్లల సంగతీ చూడండి. మెదడు లోపలి భాగమైన హైపోథాలమస్‌లో ఏర్పడే హమార్టోమా అనే గడ్డ వల్ల నవ్వు రూపంలోనే మూర్ఛ రావచ్చు. ప్రతిసారీ ఒకే తీరులో, కొన్ని సెకన్లపాటు, ఒక్కోసారి నిద్రలో కూడా వస్తుంది. బిడ్డ ముద్దుగా నవ్వుతోందని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. తలపై తీగలు పెట్టి తీసే ఈఈజీలో ఇది దొరక్కపోవచ్చు, ఎంఆర్‌ఐ కావాలి.

ఇందుకు కొత్త భవనాలు, యంత్రాలు అడగడం లేదు. ఆ ఏడు ప్రశ్నల పట్టికను రోగులకు అర్థమయ్యే తెలుగులో అచ్చు వేయించండి. మొదట చూసే వైద్యులకు, నర్సులకు ఈ లక్షణం గురించి శిక్షణ ఇప్పించండి. పక్షవాతం రోగిని ఇంటికి పంపే రోజునే, ఇలాంటి నవ్వు రావచ్చని, అది జబ్బులో భాగమని కుటుంబానికి చెప్పాలని ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ఒక రోగి కుమార్తె