యేసు పేరులో జియుస్ లేడు

సంపాదకులకు నమస్కారం.

గ్రీకు బైబిల్లోని ‘యేసూస్’ అనే పేరులో గ్రీకుల దేవుడు జియుస్ పేరు దాగి ఉందని వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో తెగ ప్రచారం జరుగుతోంది. కొందరు బోధకులు కూడా దీన్నే వల్లిస్తున్నారు. శబ్దరూపాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వాదన నిలవదు.

హీబ్రూ ‘యెహోషువ’ యూదుల బాబిలోను చెర తర్వాతి కాలంలో ‘యేషువ’గా కురచైంది. గ్రీకులో ‘ష’ లేదు, ‘స’ వచ్చింది. చివరనున్న ‘అయిన్’ అనే కంఠ్య ధ్వనికీ అక్షరం లేదు, అది రాలిపోయింది. మిగిలిన ‘యేసూ’కు పుంలింగ ప్రథమా విభక్తి గుర్తుగా ‘స్’ చేరింది. సంస్కృతంలో రామః, రామమ్ అన్నట్టే ఇక్కడ ప్రథమ యేసూస్, ద్వితీయ యేసూన్. షష్ఠి, చతుర్థి, సంబోధన మూడూ ఉత్త యేసూ. ఆ ‘స్’ ఒక దేవుడి పేరులో ముక్కే అయితే విభక్తి మారగానే ఎలా ఊడిపోతుంది? జియుస్‌కు ద్వితీయ ‘దియా’, షష్ఠి ‘దియోస్’. అపొస్తలుల కార్యములు 14:12లో బర్నబాకు జనం పెట్టిన పేరు గ్రీకు మూలంలో ఈ ‘దియా’యే, మన బైబిల్లో ‘ద్యుపతి’. పైగా క్రీస్తుకు పూర్వమే, హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి తెచ్చిన యూదులు నూను కుమారుడైన యెహోషువను ‘యేసూస్’ అనే రాశారు. హెబ్రీయులకు 4:8లో ఆ యెహోషువకు ఉన్నదీ అదే పేరు. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్ అక్కడ ‘జీసస్’ అని అచ్చువేయడంతో చాలామంది తికమకపడ్డారు.

అన్ని హీబ్రూ పేర్లకూ ప్రత్యయం చేరదు. అబ్రాహాము, దావీదు, యోసేపు ఏ విభక్తిలోనైనా మారరు. అప్పుడు పేరు ముందుండే ఉపపదమే (ఇంగ్లిష్ ‘ద’ లాంటి మాట) దిక్కు. మత్తయి 1:2లో ఇస్సాకు ముందున్న ‘తోన్’ ద్వితీయను చూపుతుంది. అదే వచనంలో యూదా పేరు మాత్రం ‘ఇయూదాన్’ అని రూపం మార్చుకుంటుంది. లూకా 3లోని వంశావళి అంతా ‘తూ’ అనే షష్ఠి ఉపపదం మీదే నడుస్తుంది. ఇలాంటి మారని పేర్ల దగ్గర గ్రీకు నేర్చుకునేవారు పేరు చివర కాక ముందు చూడాలి.

తెలుగులో కనబడని తేడా ఒకటుంది. పితరుడైన యాకోబు గ్రీకులో మారని ‘యాకోబ్’, శిష్యుడైన యాకోబు మారే ‘యాకోబోస్’. మనకు ఇద్దరూ యాకోబులే.

పేరుకు అర్థం కావాలంటే మాత్రం హీబ్రూకే వెళ్లాలి. ‘ఆయనే రక్షించును గనుక’ అన్న మత్తయి 1:21లో ఆ ‘గనుక’ గ్రీకు శబ్దంతో అతకదు. ‘రక్షించు’ అనే హీబ్రూ ధాతువు ‘యేషువ’లో వినిపిస్తుంది, గ్రీకు క్రియ ‘సోసెయి’కి ‘యేసూస్’తో ఏ సంబంధమూ లేదు.

– ఒక పాఠకుడు