ప్రదర్శనకే కాదు, పాఠానికీ గ్రాంటు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

కళలకు ప్రభుత్వ సాయం అనగానే వేదిక, లైట్లు, పోస్టర్లే గుర్తొస్తాయి. లాభాపేక్ష లేని ఒక చిన్న నృత్య సంస్థకు 8 ఏళ్లుగా లెక్కలు రాస్తున్న మనిషిగా చెబుతున్నాను, మా అసలు పని స్టేజీ మీద జరగదు. వారానికి 3 సాయంత్రాలు అద్దె హాల్లో పిల్లలకు అడుగులు, తాళం, పాటల అర్థం నేర్పుతాం. ఫీజు కట్టలేదని ఏ పిల్లనీ వెనక్కి పంపకూడదన్నది మొదటి రోజు నుంచీ నియమం. గ్రాంటు అవసరం అక్కడే వస్తుంది.

దరఖాస్తు ఫారం మాత్రం ప్రదర్శన ఎప్పుడు, ఎంతమంది చూస్తారు అని అడుగుతుంది. నాలుగేళ్లు నేర్చుకున్న అమ్మాయి ఇప్పుడు చిన్నపిల్లలకు నేర్పుతోందని రాసుకోవడానికి అందులో గడి లేదు. అందుకని ఏటా ఒక పెద్ద కార్యక్రమం నెత్తికెత్తుకుంటాం. వచ్చిన డబ్బు హాలుకీ సౌండుకీ దుస్తులకీ సరిపోతుంది. టీచరు జీతానికి మళ్లీ చందాలే.

ఇంకో చిక్కు వాటా సొమ్ము. అమెరికాలో 1965లో ఏర్పడిన, కళలకు సాయమందించే ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ ఇచ్చే గ్రాంట్లు చాలావాటికి, వాళ్లిచ్చే ప్రతి డాలరుకూ సంస్థ ఇంకో డాలరు తేవాలి. సంస్థకూ బాధ్యత ఉండాలన్న ఉద్దేశం మంచిదే. కానీ పెద్ద దాతలు లేని వాళ్లు ఆ సగం కూడబెట్టడంలోనే అలిసిపోతారు. పైగా చాలాచోట్ల ముందు మనం ఖర్చుపెట్టి, బిల్లులు పెడితేనే డబ్బు వస్తుంది. ఒకసారి మా బిల్లులు పాసవడానికి 7 నెలలు పట్టింది. అన్నాళ్లూ డోలు వాయించే పెద్దాయనకు ఎదురుపడాలంటేనే టెన్షన్. "వచ్చినప్పుడే ఇవ్వండమ్మా" అన్నాడాయన. ప్రభుత్వ పథకం ఒక పేద కళాకారుడు పెట్టిన అరువు మీద నడవడం నాకు సిగ్గుగా అనిపించింది.

2025 మేలో అదే ఎండోమెంట్, అప్పటికే మంజూరు చేసిన ఎన్నో గ్రాంట్లను ఈమెయిల్ పంపి రద్దు చేసింది. మాటిచ్చిన టీచర్లకు ఆ సంస్థలు ఏం చెప్పుకోవాలి? ఇంగ్లండ్‌లో కళలకు ప్రభుత్వ నిధులు పంచే ఆర్ట్స్ కౌన్సిల్, తన నేషనల్ పోర్ట్‌ఫోలియోలో, అంటే క్రమంగా సాయం అందుకునే సంస్థల జాబితాలో, చేర్చుకున్న సంస్థలకు 2018 నుంచి 4 ఏళ్లకు, 2023 నుంచి 3 ఏళ్లకు కలిపి నిధులు ఖరారు చేసింది. అంత భరోసా ఉంటేనే ఒక టీచర్ని ధైర్యంగా పనిలో పెట్టుకోగలం.

ఆస్పత్రులకే డబ్బు చాలనప్పుడు డ్యాన్సులకెందుకని కొందరు అడుగుతారు. వాళ్లను తప్పుపట్టను. ఒక్క సంగతి చెబుతాను. అమ్మమ్మ మాట అర్థం కాని పిల్లాడు, పాటలో ఒక పదానికి అర్థం కావాలని ఇంటికెళ్లి ఆమెనే అడిగాడు. అప్పట్నుంచి ఆమె ప్రతిసారీ వాణ్ణి తరగతికి తీసుకొచ్చి, వెనక వరసలో కూర్చుని పాట అందుకుంటోంది. దీన్ని చదువు కాదని ఎలా అంటాం?

టీచర్ల జీతం, హాలు అద్దె కూడా గ్రాంటు ఖర్చుల్లో చేర్చాలి. మంజూరైన దాంట్లో సగమైనా ముందే ఇవ్వాలి. కొత్త ఫారం తయారుచేసే అధికారులు, దానికి ముందు ఒక్క సాయంత్రం ఇలాంటి తరగతికి వచ్చి కూర్చోవాలని కోరుతున్నాను.

ఒక నృత్య సంస్థ కోశాధికారి