వార్షిక నివేదిక 2024: ఉగాది, దసరా, గుమ్మం దగ్గర మూడు బోర్డులు

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ఏటా నివేదిక చదవాలని మన నిబంధనావళిలో ఉంది కాబట్టి ఇది రాశాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ ఏకరువు పెట్టను. సంక్రాంతి ముగ్గులు, ఉగాది, వేసవి పిక్నిక్, బతుకమ్మ, దసరా, పిల్లల తెలుగు బడి అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు గ్రూపులో చూశారు, లైకులు కూడా కొట్టారు. ఈ ఏడాది కొత్తగా తలకెత్తుకున్న పని ఒకటుంది: మన పండగలకు తుపాకులు తేవద్దని చెప్పే బోర్డులు గుమ్మం దగ్గర పెట్టడం. ఎక్కువ దాని గురించే రాస్తున్నాను. గ్రూపులో దాని మీద గంటలకొద్దీ వాదించినవాళ్లలో చాలామంది పని రోజున కనబడలేదు కాబట్టి, ఏం జరిగిందో వాళ్లకీ తెలియాలి.

2023 మే 6న ఇక్కడ టెక్సస్‌లో, డాలస్ దగ్గరి ఆలెన్ మాల్‌లో కాల్పులు జరిగి 8 మంది పోయారు. వాళ్లలో మన తెలుగమ్మాయి ఒకరు. మనలో చాలామంది వారాంతాల్లో షాపింగుకు వెళ్లే చోటది. ఆ తర్వాతే భద్రతా ఉపసంఘం వేసుకున్నాం. అలాంటివాణ్ణి బోర్డు ఆపుతుందని ఉపసంఘంలో ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోవడం లేదు. కానీ చిన్నపిల్లలు పరుగులు పెట్టే హాల్లో, పార్కింగ్ దగ్గరో వడ్డన దగ్గరో మాటామాటా పెరిగినప్పుడు ఎవరి నడుము దగ్గరా తుపాకీ లేకపోవడం మంచిదని మాత్రం అందరం ఒప్పుకున్నాం.

సంక్రాంతికి ఈ బాధ రాలేదు. అది స్కూలు ఆడిటోరియం. టెక్సస్‌లో స్కూలు భవనంలోకి తుపాకీ తేవడాన్ని చట్టమే నిషేధించింది, లైసెన్స్ ఉన్నా సరే. అయిదున్నర అంగుళాలు దాటిన కత్తి కూడా అంతే. అందుకే పద్యనాటకం వాళ్ల ఇనుప కత్తిని ఇంట్లోనే వదిలి రమ్మన్నాం. అర్జునుడు అట్టకత్తితో రంగం మీదికొచ్చాడు. పద్యానికి వన్స్ మోర్ పడింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఉగాదికి స్కూలు తేదీలు దొరకలేదు. ప్రైవేటు బాంక్వెట్ హాలు తీసుకున్నాం. అసలు కథ అక్కడ మొదలైంది. హాలు తలుపు మీద అరచేయంత స్టిక్కర్ ఉంది, తుపాకీ బొమ్మ మీద అడ్డగీతతో. యజమాని, "అదుగో ఉందిగా, ఇంకేం కావాలి" అన్నాడు. లైసెన్స్ ఉన్నవాళ్ల విషయంలో ఆ స్టిక్కర్ చెల్లదు. చట్టం అడిగే బోర్డు వేరు. బట్టల చాటున దాచి తెచ్చుకునే లైసెన్స్‌దారుకు టెక్సస్ పీనల్ కోడ్ (నేరాల చట్టం) సెక్షన్ 30.06 బోర్డు, బయటికి కనిపించేలా పెట్టుకునే లైసెన్స్‌దారుకు 30.07. 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డుచెప్పనివాళ్లు లైసెన్సే లేకుండా హ్యాండ్‌గన్ పెట్టుకు తిరగొచ్చు కాబట్టి వాళ్ల కోసం 30.05. అంటే మూడు బోర్డులు. ఒక్కోదాని మీద చట్టంలో ఉన్న వాక్యం (30.06, 30.07 అయితే పొల్లుపోకుండా) ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో రాయాలి. అక్షరం ఎత్తు కనీసం అంగుళం ఉండాలి, అక్షరాల రంగు వెనకరంగులో కలిసిపోకూడదు. కాస్త కుదించి అందంగా డిజైన్ చేస్తానని ఒక ఉత్సాహి ముందుకొచ్చారు. మాట మారిస్తే ఆ రెండు బోర్డులూ చెల్లవని చెప్పి ఆపాం. స్పానిష్ వాక్యాల్ని హైస్కూల్లో ఆ భాష చదువుతున్న మన సభ్యుల అమ్మాయి అక్షరం అక్షరం సరిచూసింది. ఆ చిట్టితల్లికి ప్రత్యేక ధన్యవాదాలు.

అంగుళం అక్షరాలతో అంత వాక్యం రెండు భాషల్లో రాస్తే బోర్డు ఎంతవుతుందో మాకు ప్రింటింగ్ షాపులోగానీ తెలియలేదు. మూడూ వరసగా నిలబెడితే గుమ్మానికి ఒక పక్క గోడంతా అవే. అలంకరణ కమిటీకి కోపం వచ్చింది. న్యాయమే, "సుస్వాగతం" బ్యానర్ కట్టాల్సిన చోటది. చివరికి బ్యానర్ పైకి జరిగింది, మామిడి తోరణం తలుపుకే ఉండిపోయింది. తీరా ఉగాది ఉదయం వచ్చి చూస్తే, ఎవరో భక్తిగా 30.07 బోర్డుకు బంతిపూల దండ వేశారు. స్పానిష్ భాగంలో సగం పువ్వుల కిందికి పోయింది. బోర్డు స్పష్టంగా కనబడాలన్నది కూడా చట్టమే. దండ తీసి రిజిస్ట్రేషన్ బల్లకు కట్టాం. వంటవాళ్లు గిన్నెలు దించే పక్క తలుపు దగ్గర కూడా ఇంకో జత పెట్టాం. ఎందుకంటే 30.07 బోర్డు ప్రతి ప్రవేశ ద్వారం దగ్గరా ఉండాలి.

బోర్డుతో సరిపెట్టలేదు. చట్టం ప్రకారం అదే వాక్యం కార్డు మీద రాసి చేతికిచ్చినా నోటీసు కిందే లెక్క. అందుకని ప్రవేశ పాసుల వెనక అచ్చు వేయించాం. ఉగాది పచ్చడి కూపన్ ఎక్కడ అచ్చేయాలన్న ప్రశ్న వచ్చింది. అది ముందువైపుకు పోయింది.

ఆ రోజు నేను కళ్లారా చూసింది చెప్పి ముందుకెళ్తాను. కుటుంబంతో వచ్చిన ఒకాయన గుమ్మం దగ్గర ఆగి, మూడు బోర్డులూ చదివి, భార్యాపిల్లల్ని లోపలికి పంపి వెనక్కి నడిచారు. కారులో పెట్టి తాళం వేసి వచ్చారు. మన వాలంటీరు "నమస్కారం, రండి" అంది, ఆయన నవ్వి లోపలికెళ్లారు. ఒక్క మాట పెద్దది కాలేదు. ఈ ఏడాది ఈ సంఘం చేసిన పనుల్లో నాకు బాగా గర్వంగా ఉన్నది ఇదే. పంచాంగ శ్రవణం తర్వాత వచ్చిన చప్పట్లు కూడా దీని తర్వాతే.

బోర్డు చూసి కూడా తుపాకీతో లోపలికొస్తే క్లాస్ సి నేరం, 200 డాలర్ల దాకా జరిమానా. నోటితో చెప్పాక కూడా వెళ్లకపోతే క్లాస్ ఎ, అంటే ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. అందుకే గుమ్మం దగ్గర మర్యాదగా మాట చెప్పగల మనిషి ఉండాలి. డ్యూటీలో లేని పోలీసు అధికారిని డబ్బిచ్చి పెట్టుకున్నాం కానీ, అన్నింటికీ ఆయన్నే ముందుకు తోయడం పండగ వాతావరణం కాదు. రోస్టర్లో పేర్లు నిండుగా ఉన్నాయి. మనుషులు మాత్రం భోజనాల వేళకి వచ్చారు, అదీ ముందు వరస కుర్చీల్లోకి. పేర్లు రాయను, వాళ్లకి తెలుసు. గుమ్మం దగ్గర పొద్దున్నుంచి నిలబడ్డది యువజన విభాగం పిల్లలు, ఇద్దరు అమ్మమ్మలు. ఆ అమ్మమ్మల మాట కాదనే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఈ నిర్ణయం నచ్చని సభ్యులూ ఉన్నారు. వాళ్ల మాట కూడా రికార్డులో ఉండాలి. లైసెన్స్ ఉన్న ఒక పెద్దాయన కార్యవర్గ సమావేశంలో టెక్సస్‌లోనే ఉన్న కిలీన్ ఊరి సంగతి ఎత్తారు. 1991 అక్టోబర్ 16న అక్కడి లూబీస్ హోటల్లో కాల్పులకు 23 మంది చనిపోయారు. సుజానా హప్ అప్పటి చట్టానికి కట్టుబడి తన రివాల్వర్ కారులో వదిలి వెళ్లి, తల్లిదండ్రులిద్దరినీ అక్కడే పోగొట్టుకున్నారు. తుపాకీ దాచి వెంట తెచ్చుకోవడానికి లైసెన్స్ ఇచ్చే 1995 నాటి చట్టానికి ఆమె పోరాటం ఒక కారణం. "మంచివాడి చేతులు కట్టేసే బోర్డు ఇది" అన్నారు పెద్దాయన. వాదన తేలిగ్గా తీసేసేది కాదు. ఓటింగులో మాత్రం బోర్డులే నెగ్గాయి. ఓడినా ఆయన ఉగాదికి వచ్చి కుర్చీలు సర్దారు. నెగ్గినవాళ్లలో కొందరు అది కూడా చేయలేదు.

ఇక దసరా. అది నగరపాలక సంస్థకు చెందిన హాలు, అక్కడ నగరం ఈ బోర్డులు పెట్టడానికి లేదు. చట్టమే నిషేధించిన చోట్లు తప్పిస్తే, ప్రభుత్వ ఆస్తిలో లైసెన్స్‌దారుల్ని రావద్దని ప్రభుత్వ సంస్థ నోటీసు పెట్టకూడదు, పెడితే రోజుకింతని జరిమానా. మరి హాలు అద్దెకు తీసుకున్న మనలాంటివాళ్లు పెట్టొచ్చా? ఈ ప్రశ్న లిఖితపూర్వకంగా అడిగాం. ఒక విభాగం ఇంకో విభాగాన్ని అడగమంది, అది మళ్లీ మొదటి దాని దగ్గరికే పంపింది. నవరాత్రులు వచ్చేశాయి, జవాబు రాలేదు. ఇప్పటికీ లేదు. అదే సమయంలో డాలస్‌లో ఏటా జరిగే పెద్ద తిరునాళ్ల లాంటి టెక్సస్ స్టేట్ ఫెయిర్ వ్యవహారం పేపర్లలో నడిచింది. 2023 అక్టోబర్లో అక్కడ కాల్పుల్లో ముగ్గురు గాయపడ్డాక, నిర్వాహకులు 2024లో తుపాకులు వద్దన్నారు. స్థలం డాలస్ నగరానిది కాబట్టి కుదరదని అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ కోర్టుకెక్కారు. నిషేధాన్ని ఆపడానికి రాష్ట్ర సుప్రీంకోర్టు ఫెయిర్ మొదలయ్యే ముందురోజు ఒప్పుకోలేదు. అంత పెద్ద సంస్థకే కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చిందంటే మన స్థాయి ఎంత? దసరాకు బోర్డులు తీసుకెళ్లలేదు. ఇద్దరు పోలీసు అధికారుల్ని పెట్టుకున్నాం, ఖర్చయింది.

గ్రూపులో ఒక సభ్యుడు ఆయుధ పూజకు తన హ్యాండ్‌గన్ తేవచ్చా అని అడిగారు. సరదాకో నిజంగానో తెలియదు. జవాబు మన అధ్యక్షులే ఇచ్చారు: పాండవులు విరాటుడి కొలువుకి వెళ్లేముందు ఆయుధాలు జమ్మి చెట్టు మీద పెట్టి వెళ్లారు, మీరు ఇంట్లో పెట్టి రండి, ఇక్కడ కారు తాళాలకు పూజ చేద్దాం అని. అందరూ అలాగే చేశారు. లాప్‌టాపులకి కూడా కుంకుమ పడింది.

కొత్తగా వచ్చినవాళ్లకు ఒక ముఖ్య విషయం. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, కానీ లాయర్‌ని అడగకుండా స్నేహితుడి తుపాకీ పట్టుకుని ఫొటో దిగకండి.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఆడిట్ అయింది, మిగులు ఉంది. బోర్డుల ఖర్చు "ఇతరములు" కింద చూపించాం.

కృతజ్ఞతలు: వంట బృందానికి, తెలుగు బడి గురువులకు, అలిగినా చివరిదాకా ఉన్న అలంకరణ కమిటీకి, ధర తగ్గించిన ప్రింటింగ్ షాపుకు, మా ఉత్తరాలు చదివి చట్టం విడమర్చి చెప్పి పైసా తీసుకోని న్యాయవాది గారికి, అర్ధరాత్రి ఫోన్లు భరించిన కార్యవర్గ సభ్యుల ఇంటివారికి.

ఈ సమావేశం ముందు ఒక తీర్మానం పెడుతున్నాను: ప్రైవేటు హాలుకు అడ్వాన్సు కట్టే ముందే, బోర్డులు పెట్టుకునే హక్కు ఒప్పందంలో రాయించుకోవాలి. రాబోయే సంక్రాంతి ఈసారి ప్రైవేటు హాల్లోనే. బోర్డులు ప్రస్తుతం కోశాధికారి గారి గరాజ్‌లో, వాళ్ల కారు పట్టాల్సిన చోట ఉన్నాయి. వ్యాన్ ఉన్నవాళ్లు, గుమ్మం దగ్గర ఉదయం పూట నిలబడగలవాళ్లు ఇవాళే బల్ల దగ్గర పేరివ్వండి. పేరిచ్చినవాళ్లు రండి కూడా.

కార్యదర్శి