వారసత్వ తుపాకులకు వెసులుబాటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ, ఒక్కొక్కరి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి, అదనంగా ఉన్నదాన్ని ఏడాదిలోగా పోలీసు స్టేషనులోనో, లైసెన్సు ఉన్న డీలరు వద్దనో అప్పగించమంది. వారసత్వంగా వచ్చిన వాటికీ అదే పరిమితి. 1983లో మూడుకు కుదించినప్పుడు ఇచ్చిన గడువు 90 రోజులే.

మా తాతగారి రెండు గొట్టాల తుపాకి అలాగే ఇల్లు దాటింది. వానాకాలానికి ముందు నాన్నగారు గొట్టాలు విడదీసి, నూనె గుడ్డతో తుడిచి, వెలుతురుకెత్తి లోపలికి చూసేవారు. తాతగారి చెంప ఆనిన చోట చెక్క నునుపుదేరి ఉండేది. అప్పగించిన చోట దానికి నూనె పెట్టేవారెవరు?

పెళ్లి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చేవారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించే నిబంధన కూడా ఆ సవరణతోనే వచ్చింది. దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే కొత్త నిబంధనను పాత యజమానులకు వర్తింపజేయడంలో కెనడా మరో దారి చూపింది. అక్కడి 1995 నాటి చట్టం కొన్ని చేతితుపాకులను నిషేధిస్తూనే, అప్పటికే నమోదు చేయించుకున్నవారి వద్ద వాటిని ఉండనిచ్చింది. 1946కు ముందు తయారైనవైతే జీవిత భాగస్వామికి, తోబుట్టువులకు, పిల్లలకు, మనవలకు దక్కే వీలు కల్పించింది.

మన దగ్గర కూడా వారసత్వ తుపాకిని అమ్మకూడదని, తూటాలు కొనకూడదని, ఏటా తనిఖీకి చూపాలని షరతులు పెట్టి, ప్రస్తుత యజమాని జీవితకాలం వరకైనా ఉంచుకోనివ్వాలని కేంద్ర హోం శాఖను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా