వార్షిక సర్వసభ్య సమావేశం: కార్యదర్శి నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులు గారికి, కార్యవర్గ సభ్యులకు, ఈ రోజు సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఆశయాలు మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను. ఈ ఏడాది చేసిన వాటిలో ఒక పని గురించి మాత్రం వివరంగా చెప్పాలి. రాతి క్వారీ విస్తరణ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు విషయం తెలుసుకుని మాట్లాడేలా మనం తోడు నిలిచిన పని అది. సంఘం పెట్టిన దగ్గర్నుంచి నాకు ఇంత తృప్తినిచ్చిన పని ఇంకొకటి లేదు.

2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ఈఐఏ నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. సారాంశం తెలుగులో వచ్చింది. అసలు నివేదిక మాత్రం వందల పేజీల ఇంగ్లీషు. దుమ్ము ఎంత దూరం వెళ్తుంది, పేలుళ్లు జరిపే చోటికి ఇళ్లు ఎంత దగ్గరలో ఉన్నాయి, నీళ్లు ఎక్కడి నుంచి తోడతారు అన్న సంగతులన్నీ అందులోనే ఉన్నాయి. రేపు ఆ దుమ్ము పీల్చాల్సిన వాళ్లు చదవలేని భాషలో ఆ సంగతులు రాసిపెట్టి, అభిప్రాయం చెప్పమని పిలవడం ఏం న్యాయం?

నివేదిక చూద్దామని సంబంధిత కార్యాలయానికి వెళ్తే, సారు మీటింగులో ఉన్నారు, బీరువా తాళం ఆయన దగ్గరే ఉంది అన్నారు. మళ్లీ వెళ్తే మళ్లీ అదే మాట. చివరికి అర్జీ రాసిచ్చి, దానికి రసీదు కావాలని పట్టుబట్టాక గానీ బీరువా తెరుచుకోలేదు. ఉన్న 30 రోజుల్లో చాలా భాగం ఈ తిరుగుడుకే పోయింది. ఈ మాట మన వార్షిక నివేదికలో ఉండాలనే రాస్తున్నాను.

మన అధ్యయన బృందం రాత్రుళ్లు కూర్చుని ముఖ్యమైన అధ్యాయాలను తెలుగులో రాసింది. సాయంత్రాలు, పనుల నుంచి అందరూ తిరిగొచ్చాక, పంచాయతీ ఆఫీసు అరుగు మీద వాటిని చదివి వినిపించాం. మ్యాపు పరిచిన రోజు గొర్రెలు కాసే పెద్దాయన ఒకరు దాని మీదికి వంగి చాలాసేపు చూశారు. చూసి, "ఇందులో మా వాగేదయ్యా?" అని అడిగారు. మ్యాపులో వాగు లేదు. ఇలాంటి నివేదికలకు వానాకాలం కాని ఒక్క సీజన్‌లో సేకరించిన వివరాలు సరిపోతాయి. ఎండల్లో వచ్చి కొలతలు తీసుకున్న వాళ్లకు అక్కడ ఇసుక, గులకరాళ్లు, తుమ్మచెట్లే కనబడి ఉంటాయి. వానలు పడ్డాక కింది చెరువును నింపేది ఆ వాగే. ఆయన మన వాలంటీరు చేతిలోని పెన్సిల్ తీసుకుని, వాగు ఎక్కడ పుడుతుందో, ఏ బండ దగ్గర మలుపు తిరుగుతుందో, గొర్రెలు ఎక్కడ నీళ్లు తాగుతాయో గీసి చూపించారు. క్వారీ వాళ్లు వ్యర్థ రాళ్లు పోస్తామని గుర్తు పెట్టిన స్థలం సరిగ్గా ఆ గీత మీదే ఉంది. అరుగు మీదున్న ఆడవాళ్లు అప్పటిదాకా మౌనంగా వింటున్నారు. ఆ గీత చూశాక ఇక ఆగలేదు. వాగు పక్క చెలమల్లో నీళ్లు ఏ నెల దాకా ఉంటాయో, పశువులను అక్కడికి ఎవరు తోలుకెళ్తారో ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. అన్నీ రాసుకున్నాం.

ప్రజాభిప్రాయ సేకరణ రోజున ఆ మ్యాపు జిరాక్సు కాపీలు పట్టుకుని వాళ్లే మాట్లాడారు. మన వాళ్లెవరూ మైకు తీసుకోలేదు. అలా ఉండాలని కార్యవర్గం ముందే తీర్మానించింది. సభ అయిపోయి సిబ్బంది కాగితాలు సర్దుకుంటుంటే ఒకావిడ లేచి, "మేం చెప్పింది ఏం రాసుకున్నారో చదివి వినిపించండి" అని నిలబడ్డారు. నమోదు చేసిన అభిప్రాయాలను సభ చివర్లో స్థానిక భాషలో వివరించి వినిపించాలని ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. చదివారు. అందులో వాగు ఊసే లేదు. అక్కడే రాయించారు, ఆ తర్వాతే సంతకాలయ్యాయి. అనుమతి సంగతి ఇంకా తేలలేదు. ఒకవేళ అనుమతి వచ్చి, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి వస్తే అప్పీలుకు గడువు 30 రోజులే. ఆ రోజు రాయించిన నాలుగు లైన్లు అప్పుడు మన చేతిలో ఉంటాయి.

అధ్యయన తరగతులు ఏడాదంతా నడిచాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదన్న 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పును, హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల దగ్గర ఫ్యాక్టరీ విషయంలో, హాని జరగదని రుజువు చేసుకోవాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాళ్లేనన్న 1999 నాటి తీర్పును చదివాం. ఒడిశాలోని నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలేస్తే, 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. దాని మీద జరిగిన తరగతికి హాజరు బాగుంది.

వాదన గట్టిగా జరిగింది మాత్రం నల్లమల మీద. పులులు బతకాలంటే అడవి లోపలి చెంచు గూడేలు ఖాళీ చేయించక తప్పదని కొందరు సభ్యులు అన్నారు. వాళ్ల ఆందోళన నిజమైనదే, పులికి కలతలేని అడవి కావాలి. అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణే, పులుల అభయారణ్యం నుంచి తరలింపు స్వచ్ఛందంగానే జరగాలని, గ్రామసభ సమ్మతి ఉండాలని చెబుతోంది. నల్లమల బేస్ క్యాంపుల్లో కాపలా కాస్తూ పులి అడుగుజాడలు పట్టే వాళ్లలో చెంచులున్నారు. యురేనియం కోసం అన్వేషణ అన్నప్పుడు వద్దని గొంతెత్తిన వాళ్లలోనూ చెంచులున్నారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా ఆ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అడవిని కాపాడే వాళ్లను అడవికి భారమని లెక్కగట్టి చేసే సంరక్షణను నేను ఒప్పుకోలేను. సంఘం తరఫున తీర్మానం కుదరలేదు కాబట్టి దీన్ని నా అభిప్రాయంగానే నమోదు చేసుకోండి.

ఇక కృతజ్ఞతలు. రాత్రుళ్లు మేలుకుని అనువాదం చేసిన అధ్యయన బృందానికి, చట్టం విషయాలు ఓపిగ్గా విడమరిచి చెప్పిన మన న్యాయ సలహాదారు గారికి, ఒక్క పైసా తీసుకోకుండా ఊళ్లకు ఆటో నడిపిన సభ్యుడికి, అరుగు మీద దీపం పెట్టి, చాపలు పరిచిన ఆ ఊరి ఆడవాళ్లకు, అడిగిన ప్రతిసారీ తరగతి గది ఇచ్చిన ప్రధానోపాధ్యాయురాలికి పేరుపేరునా కృతజ్ఞతలు. ప్రతి తరగతి ఫోటోలూ నోట్సూ భద్రపరిచిన సహాయ కార్యదర్శి గారి శ్రమ బయటికి కనబడదు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇది కూడా చెప్పక తప్పదు. వాట్సాప్ గ్రూపులో "నేను వస్తాను" అని పెట్టిన వాళ్లలో సగం మంది కూడా ఊళ్లకు రాలేదు. ఎవరి ఇబ్బందులు వాళ్లకుంటాయి, కాదనను. కానీ రాలేమని ముందురోజు చెప్పినా ఇంకొకరిని పిలుచుకునేవాళ్లం. నలుగురు చేయాల్సిన పని ఇద్దరి మీద పడి, ఆ ఇద్దరు జ్వరంతో కూడా తిరిగారు. ఊరివాళ్లు కూలి పోగొట్టుకుని మన కోసం కూర్చున్న సాయంత్రాలవి.

జమాఖర్చుల వివరాలు కోశాధికారి గారు పంచిన పత్రంలో ఉన్నాయి. ఆడిటర్ గారు చూసి సంతకం చేశారు. ఎక్కువ ఖర్చు జిరాక్సులకు, ప్రయాణాలకు అయింది. సభ్యత్వ రుసుము బకాయి ఉన్నవాళ్లు ఈ రోజే కట్టగలరు.

రాబోయే ఏడాదికి రెండు ప్రతిపాదనలు సభ ముందు ఉంచుతున్నాను. ఈఐఏ నివేదిక మొత్తాన్నీ స్థానిక భాషలో ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానం చేయడం మొదటిది. వానలు మొదలవగానే ఆ ఊరివాళ్లతో కలిసి వాగు వెంట నడిచి, నీళ్లు పారుతుండగా తేదీతో సహా ఫోటోలు తీసి, అర్జీతో జతచేసి పంపడం రెండోది. దీనికి కనీసం పదిమంది కావాలి. పేర్లు రాసుకోవడానికి పుస్తకం ద్వారం దగ్గర టేబుల్ మీద ఉంది. తప్పకుండా రాగలిగిన వాళ్లే రాయండి.

ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

కార్యదర్శి