ఓపీ చీటీలో నడుము కొలత ఏదీ?

సంపాదకులకు,

మోకాళ్ల నొప్పులనో షుగరనో ఆసుపత్రికి వెళ్తే చీటీ చివర ‘బరువు తగ్గాలి’ అని రాసిస్తున్నారు. ఎంత, ఎలా, ఎన్నాళ్లలో అన్నది ఉండదు. ఆ మాత్రం మందలింపు ఇంట్లోవాళ్లూ చేస్తారు.

ముందు టేపు తియ్యాలి. మనవాళ్లకు బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 25 దాటితే ఊబకాయమే. నడుము హద్దు మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు. ఆశా కార్యకర్తలు 30 ఏళ్లు దాటినవారికి నింపే ఫారంలో ఈ కొలత ఉంది. లుంగీ ముడి దగ్గరో చీర కుచ్చిళ్ల మీదో టేపు చుడితే మాత్రం లెక్క తప్పుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్య, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి.

తర్వాత మందుల సంచి. షుగరుకు వాడే గ్లిమిపిరైడ్, పయోగ్లిటజోన్, ఇన్సులిన్, ఇంకా కొన్ని మానసిక వ్యాధుల మాత్రలు బరువు పెంచుతాయి. ఒళ్లునొప్పులకు ఊళ్లో వేయించుకున్న స్టెరాయిడ్ ఇంజెక్షన్ల సంగతి రోగి తనంతట తాను చెప్పడు, అడగాలి. ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట పెరిగి, కాళ్లూ చేతులూ సన్నబడితే అనుమానించాలి. అలాగని నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపించకూడదు. ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ అప్పటికే తగ్గిపోయి ఉంటుంది, బీపీ పడిపోతుంది. గురక, పగటి కునుకుల గురించీ అడగాలి, అవి లావు మనుషుల్లో నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు గుర్తులు కావొచ్చు.

‘అన్నం మానేయండి’ అంటే డెల్టాలో ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. పూటకు 50 గ్రాముల బియ్యం తగ్గిస్తే రెండు పూటలకు దాదాపు 350 కేలరీలు తగ్గినట్టే. ఆ ఖాళీని ఆనపకాయ, బీరకాయ కూరలతో, పులుసులో చేపముక్కతో నింపొచ్చు. వేపుడైతే లాభం లేదు. నూనె నలుగురికి నెలకు రెండు లీటర్లు చాలు. అయితే తిండి తగ్గించమని చెప్పి, గ్లిమిపిరైడో ఇన్సులినో పాత మోతాదులోనే ఉంచుతున్నారు. షుగరు పడిపోయి చెమటలు పడతాయి, రోగి పంచదార బుక్కి, ‘నాకు డైటు పడలేదండీ’ అని పాత కంచానికే వెళ్లిపోతాడు. మోతాదు ఆ రోజే సరిచూడాలి.

80 కిలోల మనిషి ఆరు నెలల్లో 4 కిలోలు తగ్గినా బీపీ, షుగరు మెరుగవుతాయి. బరువు తగ్గడానికి వారానికోసారి వేసే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు ఒక్కో మెట్టు పెంచాలి. తొందరపడితే వాంతులు, మానేస్తే బరువు తిరిగొస్తుంది. సూదికి ముందే ఈ మాట చెప్పాలి.

జిల్లా వైద్యాధికారులు పీహెచ్‌సీ చీటీల్లో బీపీ గడి పక్కన బరువు, నడుము గడులు అచ్చు వేయించాలి. మొదటి రెండు నెలలు పక్షానికోసారి రమ్మని తేదీ కూడా రాసివ్వాలి.

— ఒక పాఠకుడు, అమలాపురం